జెల్ మిల్లర్ ఉంది, అలబామా డబ్బిస్తానంటోంది, మావారి మనసేమో పర్డ్యూ మీద ఉంది: ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు జార్జియాలో, అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటారు. బాబుకి యూజీఏలో (యూనివర్సిటీ ఆఫ్ జార్జియా) కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, జెల్ మిల్లర్, అంటే జార్జియా రాష్ట్రం ఇచ్చే పూర్తి ట్యూషన్ స్కాలర్‌షిప్, ఖాయం. అలబామా యూనివర్సిటీ ఏడాదికి 24 వేల డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్ అని లెటర్ పంపింది. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్‌లో సీటిచ్చింది గానీ పైసా ఇవ్వలేదు. జార్జియా టెక్ వెయిట్‌లిస్టులో పెట్టింది. మీవారు పర్డ్యూ అంటున్నారు. మీ అత్తగారు "అంత డబ్బిచ్చి పిలుస్తుంటే కాదనడమేంటి" అని అలబామా అంటున్నారు. మీకు యూజీఏ అయితే బాగుండుననిపిస్తోంది కానీ "ఊళ్లో కాలేజీకి పంపాం" అన్నట్టు ఉంటుందేమోనని సంకోచం. కాలేజీలో 3.3 జీపీఏ నిలవకపోతే జెల్ మిల్లర్ పోతుందన్న భయం కూడా ఉంది. పాప పదో గ్రేడ్. మే 1 లోపు డిపాజిట్ కట్టాలి.

నేను అట్లాంటా వైపు వచ్చి 26 ఏళ్లు. ఇద్దరు పిల్లల్ని కాలేజీకి పంపాను. ఆ తర్వాత నుంచీ వారాంతాల్లో లైబ్రరీ మీటింగ్ రూములో కూర్చుని మనవాళ్ల పిల్లల ఆఫర్ లెటర్లు చూసిపెడుతున్నాను. ఏప్రిల్ వస్తే ఆ గదిలో పెళ్లిచూపుల హడావుడే.

ముందు ఒక పని చేయండి. మూడు లెటర్లూ పక్కపక్కన పెట్టి, ఎంత తగ్గించారన్న అంకె మీద చెయ్యి అడ్డం పెట్టండి. మీ జేబులోంచి ఎంత పోతుందన్నదే చూడండి. అలబామాలో బయటి రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ 34 వేల దరిదాపుల్లో ఉంది. అందులో 24 వేలు పోతే పది వేలు మిగులుతుంది. డార్మ్, మీల్ ప్లాన్, పుస్తకాలు, రాకపోకలు కలిపితే మొత్తం 27, 28 వేలు మీరు కట్టాలి. యూజీఏలో ట్యూషన్ పది వేల దగ్గరే. అది జెల్ మిల్లర్ కట్టేస్తుంది. ఫీజులు, గది, తిండి కలిపి మీకు పడేది 17, 18 వేలు. పర్డ్యూలో ట్యూషన్, ఫీజులే 29 వేల దాకా ఉంటాయి, కంప్యూటర్ సైన్స్‌కి ఇంకాస్త ఎక్కువ. అన్నీ కలిపి 45 వేలకు అటూఇటూ వేసుకోండి.

అంటే 24 వేలు "ఇచ్చిన" చోట మీకు ఖర్చు ఎక్కువ, పది వేలే "ఇచ్చిన" చోట తక్కువ. ఇది మీ అత్తగారికి చెప్పి చూడండి, ఒక పట్టాన నమ్మరు. నమ్మకపోవడంలో ఆవిడ తప్పేం లేదు. బట్టల షాపులో 40 శాతం తగ్గింపు బోర్డు చూసి లోపలికి వెళ్లని వాళ్లెవరు? పైగా జెల్ మిల్లర్‌ది పెద్ద కవరూ కాదు, బంగారు ముద్రా లేదు. బిల్లులో ఒక లైనుగా వచ్చి పోతుంది. అలబామా లెటర్‌లో మాత్రం బాబు పేరుంటుంది, "నీ ప్రతిభను గుర్తించి" అని ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో అయితే దాన్ని నాలుగేళ్లకు గుణించి "మావాడికి దాదాపు లక్ష డాలర్ల స్కాలర్‌షిప్" అని పెడతారు. ఎంత మిగిలిందో ఎవరూ పెట్టరు.

అలబామాని తక్కువ చేయట్లేదు. వాళ్లు చేసేది దాచి చేయరు. జీపీఏ ఇంత, శాట్ ఇంత అయితే డబ్బు ఇంత అని వెబ్‌సైట్‌లోనే పట్టిక పెడతారు. అప్లై చేయకముందే ఎంతొస్తుందో తెలిసిపోతుంది. ఆ పట్టిక పుణ్యాన ఇవాళ అక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా బయటి రాష్ట్రాల వాళ్లే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ము చాలనప్పుడు, 34 వేల ధర చెప్పి పది వేలకు ఇచ్చినా సొంత రాష్ట్రం పిల్లవాడు కట్టేదానికి మరీ తక్కువేం కాదు. పైగా మంచి మార్కుల పిల్లవాడు దొరుకుతాడు. పీఎస్ఏటీ పరీక్షలో దేశంలోనే పైన నిలిచిన నేషనల్ మెరిట్ ఫైనలిస్టులకైతే ట్యూషన్‌తో పాటు హౌసింగ్ కూడా ఇచ్చి పిలుస్తారు. అలాంటి పిల్లలకు అది నిజంగా గొప్ప బేరం. మీ బాబు కేసు అది కాదు.

జార్జియా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఏ కాలేజీకి వెళ్తారన్నది ముప్పై ఏళ్లుగా దీని చుట్టూనే తిరుగుతోంది. 1993లో గవర్నర్ జెల్ మిల్లర్ లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు. మొదటి ఏడాది కుటుంబ ఆదాయం 66 వేల డాలర్లు దాటితే ఇచ్చేవారు కాదు. మరుసటి ఏడాది దాన్ని లక్షకు పెంచారు. 1995 నాటికి పరిమితే తీసేశారు. దాంతో ఇది పేదపిల్లల పథకం కాస్తా బి సగటు తెచ్చుకున్న ప్రతి ఇంటి పథకమైంది. అట్లాంటా శివారు ఆల్ఫరెటాలో ఇద్దరూ ఐటీలో ఉన్న జంటకీ అదే, అద్దె ఇంట్లో ఉండే తల్లికీ అదే. గ్యాస్ స్టేషన్లలో స్క్రాచ్ టికెట్లు కొనేవాళ్లు ఎవరో, ఆ డబ్బు ఎవరి పిల్లల ట్యూషన్‌కి పోతోందో చూస్తే నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. తీసుకోవడం మానలేదు లెండి.

దీనివల్ల ఏం మారిందో యూజీఏ ఎకనామిక్స్ ప్రొఫెసర్లు కార్న్‌వెల్, మస్టర్డ్ చాలా ఏళ్లు చూశారు. కాలేజీకి వెళ్లేవాళ్ల సంఖ్య కొంత పెరిగింది కానీ అసలు మార్పు అది కాదు. బయటి రాష్ట్రాలకు వెళ్లిపోయే మంచి విద్యార్థులు ఇక్కడే ఆగిపోయారు. అంతా వచ్చి యూజీఏ ఉన్న ఏథెన్స్‌లోనూ జార్జియా టెక్‌లోనూ పడ్డారు. సీట్లు అదే లెక్కన పెరగవు కాబట్టి అడ్మిషన్ కష్టమైంది. మీ బాబు టెక్ వెయిట్‌లిస్టులో ఉండడానికి ఇదీ ఒక కారణమే. వాళ్లదే ఇంకో పేపర్ ఉంది, అది చదివినప్పుడు నవ్వాగలేదు. హోప్ వచ్చాక జార్జియాలో కార్ల అమ్మకాలు పెరిగాయని చూపించారు. ట్యూషన్ మిగిలిన డబ్బుతో తల్లిదండ్రులు పిల్లలకు కార్లు కొన్నారన్నమాట. "యూజీఏకి వెళ్తే కారు, బయటికి వెళ్తే బస్సు" అనే బేరం మా వీధిలోనే మూడిళ్లలో విన్నాను. ఒక ఇల్లు మాదే.

ఇక మీరు భయపడుతున్న 3.3 సంగతి. 2011లో లాటరీ డబ్బు చాలక హోప్‌ను కోసి, పై మార్కుల వాళ్లకు పూర్తి ట్యూషన్‌తో జెల్ మిల్లర్ అని వేరే పెట్టారు. హైస్కూల్లో 3.7 జీపీఏ, ఒకే సిట్టింగ్‌లో 1200 శాట్ కావాలి. కాలేజీలో 3.3 నిలబెట్టుకోవాలి. అయితే 2023-24 నుంచి హోప్‌కి కూడా పూర్తి ట్యూషన్ ఇస్తున్నారు. కాబట్టి ప్రస్తుతం పబ్లిక్ యూనివర్సిటీలో జెల్ పోయి హోప్ మిగిలినా జేబుకి తగిలే దెబ్బ చిన్నది. హోప్ నిలవడానికి కావలసిన 3.0 దగ్గరే అసలు గీత ఉంది. అసెంబ్లీ రేపు మళ్లీ కోస్తే సంగతి వేరు.

ఇక్కడ ఒక చిన్న విషయం, హైస్కూల్ పిల్లలున్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది. రెండేళ్ల కిందట జాన్స్ క్రీక్ నుంచి ఒకాయన వచ్చారు. వాళ్లమ్మాయి స్కూల్ రిపోర్టులో 4.1 ఉంది, జెల్ మిల్లర్ గ్యారంటీ అనుకుని వచ్చారు. నా లాప్‌టాప్‌లో రాష్ట్రం స్కాలర్‌షిప్ లెక్కలు చూపించే జీఏఫ్యూచర్స్ సైట్ తెరిచి అమ్మాయి చేత లాగిన్ చేయించాను. అక్కడ హోప్ జీపీఏ అని 3.66 ఉంది. ఆయన స్క్రీన్‌ని రెండుసార్లు రిఫ్రెష్ చేశారు. అంకె మారలేదు. అమ్మాయి తల దించుకుని బ్యాగు జిప్పు లాగుతూ కూర్చుంది. జరిగిందేంటంటే, రాష్ట్రం కోర్ సబ్జెక్టులే లెక్కేస్తుంది, ఆర్కెస్ట్రాలో ఏ వచ్చినా పట్టించుకోదు. ఆనర్స్ క్లాసులకు స్కూలు కలిపే బోనస్ తీసేస్తుంది, కాలేజీ స్థాయిలో ఉండే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి క్లాసులకు మాత్రం అర పాయింటు కలుపుతుంది. హోప్‌కి కూడా పూర్తి ట్యూషనే అని చెప్పాక ఆయన మొహంలోకి కళ వచ్చింది. అమ్మాయి అప్పుడు గానీ తలెత్తలేదు. మీ పాప పదో గ్రేడ్ కదా, ఇవాళే అకౌంట్ తెరిచి చూడండి.

స్కాలర్‌షిప్ వచ్చాక అది పోకుండా చూసుకునే భయం చదువునే మార్చేస్తుంది, ఇది కూడా ముందే తెలిసి ఉండాలి. కార్న్‌వెల్ వాళ్లే ఇంకో లెక్క తీశారు. హోప్ పిల్లలు సెమిస్టర్‌కి తక్కువ కోర్సులు తీసుకోవడం, కష్టమనిపిస్తే మధ్యలో డ్రాప్ చేయడం, సమ్మర్‌లో తేలిగ్గా లాగించడం పెరిగిందట. మెరిట్ స్కాలర్‌షిప్‌లున్న రాష్ట్రాల్లో సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలు తగ్గాయని షోక్విస్ట్, వింటర్స్ అనే ఆర్థికవేత్తలు చూపించారు. కాల్‌క్యులస్‌లో బి వస్తుందనే భయానికి మేజర్ మార్చుకునే పిల్లల్ని నేనూ చూశాను. జార్జియా ఇది గమనించి 2017 నుంచి కొన్ని సైన్స్, మ్యాథ్స్, కంప్యూటర్ కోర్సుల్లో బి, సి, డి వస్తే హోప్ జీపీఏ లెక్కలో అర పాయింటు కలుపుతోంది. మీ బాబు కంప్యూటర్ సైన్స్ కాబట్టి ఇది కలిసొస్తుంది. వాడికి చెప్పండి, సగం టెన్షన్ పోతుంది.

నా సొంత కథ చెప్పకుండా సలహా ఇస్తే బాగుండదు. మా పెద్దమ్మాయికి రెండు రాష్ట్రాల అవతల ఒక పబ్లిక్ యూనివర్సిటీ ఏడాదికి 14 వేలు ఇస్తామని లెటర్ పంపింది. దళసరి కాగితం, కింద పచ్చ సిరాతో సంతకం. అమ్మాయి స్కూల్ నుంచి రాకముందే కవరు చింపి ఫోటో తీసి గుంటూరు గ్రూపులో పెట్టేశాను. సాయంత్రానికి మా బాబాయిలు, పిన్నులు అందరూ కంగ్రాట్స్ చెప్పేశారు. అమ్మాయి ఇంటికొచ్చి ఆ లెటర్ చదివేసరికి నిర్ణయం అయిపోయింది. రెండో ఏడాది ఫిజిక్స్ మధ్యలో డ్రాప్ చేసింది. జీపీఏ బాగానే ఉంది. కానీ ఏడాదికి 30 క్రెడిట్లు పూర్తి చేయాలనే షరతు రెండో పేజీలో ఉంది, అది మేమెవరం చదవలేదు. జూన్‌లో మామూలు ఈమెయిల్ వచ్చింది, స్కాలర్‌షిప్ రద్దు అని. దానికి దళసరి కాగితం వాడలేదు. అప్పీల్ పెట్టుకుని, సమ్మర్‌లో రెండు కోర్సులు చేసి, ఒక సెమిస్టర్ పూర్తి ఫీజు కట్టాక మళ్లీ ఇచ్చారు. ఆ వేసవిలోనే ఒకరోజు అంట్లు తోముతూ మెల్లిగా అంది, "నాన్నా, మీరా లెటర్‌కి ఫ్రేమ్ కట్టించారు. ఇక నాకు ఇష్టం లేదని ఎలా చెప్పను?" దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అందుకే లెటర్ల వెనక పేజీలు చదవండి. ఎన్ని సెమిస్టర్లు, ఎంత జీపీఏ, ఎన్ని క్రెడిట్లు, పోతే తిరిగొస్తుందా, మేజర్ మారితే ఉంటుందా. ఇంకోటి, అలబామా వాళ్లు ఇచ్చేది మారని అంకె, ట్యూషన్ పెరిగితే ఆ పెరిగినదంతా మీ మీద పడుతుంది. జెల్ మిల్లర్ ట్యూషన్‌తో పాటే నడుస్తుంది. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు, ఆ విషయంలో వాళ్లకు దండం పెట్టాలి. కానీ పెంచకపోయినా బయటి రాష్ట్రం ధర బయటి రాష్ట్రం ధరే.

మెరిట్ అనే మాటకి పిల్లలు, పెద్దలు ఎంత లొంగిపోతారో తెలియాలంటే మసాచుసెట్స్ కథ చూడాలి. 2004లో అక్కడ ఆడమ్స్ స్కాలర్‌షిప్ మొదలైంది. రాష్ట్ర పరీక్షలో మంచి మార్కులొస్తే పబ్లిక్ కాలేజీల్లో ట్యూషన్ మాఫీ. వినడానికి బ్రహ్మాండం. కానీ అక్కడి రాష్ట్ర యూనివర్సిటీ యూమాస్ ఆమ్‌హర్స్ట్‌లో అప్పట్లో ట్యూషన్ పేరుతో ఉన్నది ఏడాదికి 1,714 డాలర్లే. మిగతా వేలన్నీ "ఫీజులు" కాబట్టి మాఫీ వర్తించదు. ఆ కాస్త డబ్బు కోసం పిల్లలు ఇంకా మంచి కాలేజీల్ని వదులుకుని స్టేట్ కాలేజీలకు వెళ్లారని, అలా వెళ్లడం వల్ల డిగ్రీ పూర్తి చేసేవాళ్లే తగ్గారని సారా కొహోడెస్, జాషువా గుడ్‌మన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. సాయం చేద్దామనుకున్న పిల్లలకే అది ఎదురుతిరిగింది. మీ ముందున్న మూడూ పెద్ద యూనివర్సిటీలే కాబట్టి మీకు ఆ ప్రమాదం లేదు. కానీ "స్కాలర్‌షిప్ వచ్చింది కదా" అని కాలేజీ స్థాయి చూడకుండా పంపాలనుకునే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నాలుగేళ్లలో ఎంతమంది డిగ్రీ పూర్తి చేస్తున్నారన్న అంకె ముందు చూడండి. అది ప్రతి కాలేజీకీ దొరుకుతుంది.

ఇప్పుడు మీవారి పర్డ్యూ వాదన. దాంట్లో పస ఉంది. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ అక్కడే 1962లో మొదలైంది, కంపెనీలు క్యాంపస్‌కి బారులు తీరతాయి. యూజీఏలో స్కూల్ ఆఫ్ కంప్యూటింగ్ అని ఏర్పడిందే 2022లో. పేరులో తేడా ఉంది, కాదనను. ఆ తేడాకి మీరు కట్టే ధర నాలుగేళ్లలో లక్షా పది వేల డాలర్ల దాకా అవుతుంది. ఆ డబ్బు 529లో (కాలేజీ కోసం దాచే పొదుపు ఖాతా) సిద్ధంగా ఉంటే, రిటైర్మెంట్ ఖాతా ముట్టుకోకుండా, పాపకి ఇంతే ఇవ్వగలిగితే పంపండి, తప్పేం లేదు. అప్పు చేసి అయితే వద్దు. మొదటి ఏడాది పిల్లాడి పేరున వచ్చే ఫెడరల్ లోన్ 5,500 మాత్రమే. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని పరిమితి పెట్టారు. మిగతాది ప్రైవేటు లోన్ అవుతుంది. ఇద్దరు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సాలో (ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు) కలిసొస్తుందన్నది కూడా పాత మాట. 2024-25 నుంచి ఆ లెక్క తీసేశారు. పాప వచ్చేనాటికి మీ బిల్లు రెట్టింపే.

నన్నడిగితే మీ ఇంట్లో యూజీఏ. మా వీధి పిల్లల్లో ఏథెన్స్‌లో చదివి, రెండు సమ్మర్లు ఇంటర్న్‌షిప్ చేసి, పర్డ్యూ పిల్లలతో సమానంగా అదే కంపెనీలో చేరినవాళ్లు ఉన్నారు. వాడికి టెక్ మీద మనసుంటే ఏడాది తర్వాత ట్రాన్స్‌ఫర్‌కి ప్రయత్నించవచ్చు. జెల్ మిల్లర్ రాష్ట్రానిది కాబట్టి వాడితో పాటే వస్తుంది. అలబామాది అక్కడే ఉండిపోతుంది. మిగిలిన డబ్బుతో మాస్టర్స్ పర్డ్యూలోనే చేయించవచ్చు, మీవారికి టీ షర్టు అప్పుడు కొనుక్కోవచ్చు.

హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు కిందటి వారం నన్ను అడిగారు కాబట్టి రెండు ముక్కలు. హోప్, జెల్ మిల్లర్‌లకి సిటిజన్ లేదా గ్రీన్ కార్డు లాంటి అర్హత కావాలి. ఫాఫ్సా హెచ్4 వాళ్లకు లేదు. వాళ్లకు మిగిలేది యూనివర్సిటీ సొంత డబ్బుతో ఇచ్చే మెరిట్. మీ బాబుకి వద్దన్న అలబామా లాంటి లెటర్ వాళ్ల పాలిట వరం కావచ్చు. టెక్సాస్‌లో ఇంకో వెసులుబాటుంది. అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలో పోటీ మీద వచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లుంటే బయటి రాష్ట్రం వాళ్లకు కూడా సొంత రాష్ట్రం వాళ్ల ట్యూషనే (ఇన్‌స్టేట్) పడే వీలుంది. వెయ్యి డాలర్ల లెటర్ విలువ వేలల్లోకి వెళ్తుంది. 21 నిండితే హెచ్4 పోయి విద్యార్థి వీసా ఎఫ్1కి మారాలి, అప్పుడు స్కాలర్‌షిప్ కొనసాగుతుందా అని ముందే రాతపూర్వకంగా అడిగిపెట్టుకోండి.

ఇంకో సంగతి, 529లో డబ్బు "వృథా అయిపోతుంది" అని యూజీఏ వద్దనుకోకండి. ట్యూషన్‌కి స్కాలర్‌షిప్ వచ్చినంత మేర పది శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, పెరిగిన దాని మీద పన్ను మాత్రం కట్టాలి. గది, తిండికి ఎలాగూ వాడుకోవచ్చు. మిగిలితే పాప పేరుకి మార్చండి.

ఈ వారాంతం మూడు లెటర్లూ డైనింగ్ టేబుల్ మీద పెట్టి బాబుని కూర్చోబెట్టండి. నాలుగేళ్లకి అయ్యే మొత్తం మూడు కాగితాల మీద వాడి చేతే రాయించండి. అత్తగారిని కూడా పిలవండి. మీరిద్దరూ ముందు మాట్లాడకండి. యూజీఏ అనుకుంటే డిపాజిట్ కట్టిన రోజే హౌసింగ్ ఫారం కూడా నింపేయండి, మొదటి ఏడాది క్యాంపస్‌లో ఉండాలి, మంచి డార్ములు తొందరగా అయిపోతాయి. టెక్ వెయిట్‌లిస్టులో పేరు మాత్రం తీయించకండి.